లా మొదటి ఏడాదిలో నాకు దారి చూపించినవాళ్ళకు

బీకామ్ అయ్యాక విశాఖలోనే మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీలో చేరాను. ప్రజాప్రయోజన వ్యాజ్యాల (పిల్) వైపు వెళ్ళాలనుందని ఎవరికి చెప్పినా "ముందు నాలుగు డబ్బులొచ్చే ప్రాక్టీసు చూసుకోమ్మా, అవన్నీ తర్వాత" అనేవాళ్ళే. అలా అనకుండా నాకోసం టైమ్ పెట్టినవాళ్ళకి ఈ పోస్టు. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ముందుగా మా సీనియర్ అన్నకి. హుస్సేనారా ఖాతూన్, బంధువా ముక్తి మోర్చా అంటూ నేను పేరున్న పిల్ కేసుల పేర్లు వల్లె వేస్తుంటే ఆపి, "అవెలాగూ సిలబస్‌లో వస్తాయి, ముందు మన జిల్లా కేసు చదువు" అని సమతా తీర్పు జిరాక్స్ చేతిలో పెట్టాడు. బొర్రా గుహలకి పిక్నిక్ వెళ్ళనివాళ్ళు వైజాగ్‌లో ఉండరు. ఆ చుట్టుపక్కల ఊళ్ళ కోసం సుప్రీంకోర్టు దాకా కేసు నడిచిందని మాత్రం నాకెవరూ చెప్పలేదు. అనంతగిరి మండలం ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది, అప్పుడు మనదే. అక్కడి గిరిజన ప్రాంతంలో గనుల తవ్వకానికి ప్రభుత్వం ప్రైవేటువాళ్ళకి లీజులిచ్చింది. సమత అనే సంస్థ హైకోర్టుకెళ్తే కేసు కొట్టేశారు. 1997 జులైలో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే ఏజెన్సీలో, గిరిజనేతరులకి భూమి బదలాయించకూడదనే నిషేధం (మనవాళ్ళు 1/70 చట్టం అనేది ఇదే) ప్రభుత్వానికీ వర్తిస్తుందని ఇద్దరు జడ్జీలు తేల్చారు. మూడో ఆయన, జస్టిస్ పట్నాయక్, ఒప్పుకోలేదు. అన్న నాతో ముందు ఆయన రాసిందే చదివించాడు. అవతలి వాదన బలం తెలిస్తేనే గెలిచినవాళ్ళు ఎంత కష్టపడ్డారో అర్థమవుతుందట. నిజమే అనిపించింది. అన్నా, జిరాక్స్ ఇంకా నా దగ్గరే ఉంది, సెమిస్టర్ అయ్యాక ఇస్తా.

ఇక మేడమ్ గారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ అడ్వకేట్, అంటే ఉచిత న్యాయసహాయం కోసం ఆ సంస్థ పెట్టుకున్న లాయర్. పక్కన కూర్చోనిచ్చారు, కానీ నోరెత్తొద్దన్నారు! ఒకరోజు ఒకావిడ వచ్చింది. కాంట్రాక్టరు దగ్గర పాచి పని, కూలి నెలల తరబడి బాకీ. రసీదు లేదు, ఐడీ కార్డు లేదు. నేనైతే అక్కడే చేతులెత్తేసేదాన్ని. మేడమ్ మాత్రం తొందరపడకుండా అడుగుతూ పోయారు. ఎన్నింటికి బయల్దేరతావు, ఏ బస్సెక్కుతావు, గేటు దగ్గర ఎవరైనా సంతకం పెట్టించుకుంటారా, డబ్బులు చేతికిచ్చేవాడా, ఫోన్‌పే చేసేవాడా అని. చివరికి ఆవిడ సంచిలోంచి గోడ క్యాలెండర్ కాగితాలు తీసింది. పనికెళ్ళిన రోజులకి సున్నాలు, వెళ్ళని రోజులకి అడ్డగీతలు, అప్పుడప్పుడూ ముట్టిన అడ్వాన్సు పక్కన పెన్సిల్‌తో. పాల లెక్క కూడా వాటి మీదే! మేడమ్ ఒక్కో కాగితం తిరగేసి "ఇవి జాగ్రత్తమ్మా, బంగారం" అన్నారు. ఆ లెక్కతోనే కార్మిక శాఖకి దరఖాస్తు తయారైంది. ఇంకా తేలలేదు. ఆవిడ ఒప్పుకున్నాకే ఈ మాత్రం రాస్తున్నాను.

ఆవిడకి ఫీజు లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, దివ్యాంగులకి, పారిశ్రామిక కార్మికులకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. లాయర్‌కి డబ్బుల్లేక ఊరుకున్నవాళ్ళు మీకు తెలిస్తే 15100కి ఫోన్ చేయమనండి. ప్రజాప్రయోజనం అంటే పేపర్లో పడే పిల్ ఒక్కటే అనుకునేవాళ్ళు ఒక పూట ఆ ఆఫీసు బెంచీ మీద కూర్చుంటే చాలు.

కోర్టు బయట టైపింగ్ చేసే బాబాయ్‌కి కూడా. నా మొదటి డ్రాఫ్టులో "ఘోరమైన", "అమానుషమైన" లాంటివన్నీ చూసి "ఇవన్నీ సరేగానీ పాపా, జడ్జిగారు ఏం ఆర్డరివ్వాలో ఎక్కడ రాశావు?" అన్నాడు. నలభై రూపాయలకి టైపూ చేశాడు, పాఠమూ చెప్పాడు. వచ్చే నెల నుంచి శనివారాలు కూడా మేడమ్ దగ్గరికి వెళ్తున్నాను. మా బ్యాచ్‌లో ఎవరైనా వస్తానంటే మెసేజ్ పెట్టండి, అడిగి చెప్తాను.