అల్మరాలో ఆరు నూడుల్స్ కప్పులు

తార్నాక,
ఆదివారం రాత్రి

చిన్నీ,

పొద్దున నీ హాస్టల్ గదిలో అల్మరా తెరిచి, ఆ నూడుల్స్ కప్పులు చూసి "ఇదంతా విషం" అన్నాను. నీ మొహం చిన్నబోయింది. "ఇలాంటి ప్యాకెట్ తిండి చెడ్డదని ఇంకా తేలలేదమ్మా, సైంటిస్టులే వాదించుకుంటున్నారు" అన్నావు. గచ్చిబౌలి నుంచి బస్సులో వస్తున్నంతసేపూ అదే ఆలోచన. విషం అనడం నా తప్పే తల్లీ. కానీ తేలలేదు కదా అని నువ్వు తేలిగ్గా తీసుకోవడం మాత్రం నాకు మింగుడుపడలేదు.

నువ్వన్నదాంట్లో నిజముంది. తిండిని ఎంతగా ప్రాసెస్ చేశారన్నదాన్ని బట్టి విడదీయాలని బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయం నుంచి కార్లోస్ మోంటీరో 2009లో వాదన మొదలుపెట్టారు. దాన్నే నోవా అంటారు, అందులో నాలుగు గుంపులు. నాలుగోదే ఈ అల్ట్రా ప్రాసెస్డ్, అంటే వంటింట్లో వాడని పదార్థాలు కూడా కలిపి ఫ్యాక్టరీలో తయారుచేసే తిండి. కూల్‌డ్రింకూ, ఫ్యాక్టరీలో ఎమల్సిఫయర్ (నూనె, నీళ్లు విడిపోకుండా పట్టి ఉంచేది) కలిపి చేసిన గోధుమ బ్రెడ్డూ ఒకే గుంపులో పడతాయి. రెండూ ఒకటేనా అని అడిగేవాళ్లు అడుగుతున్నారు, అడగాల్సిందే. పైగా ఎక్కువ అధ్యయనాలు జనం తిన్నది ఏళ్ల తరబడి రాసుకుంటూ పోయినవి. అలాంటి తిండి తినేవాళ్ల ఆదాయం, నిద్ర, సిగరెట్లు కూడా వేరుగా ఉండొచ్చు. జబ్బు దేనివల్ల వచ్చిందో వాటితో తేల్చడం కష్టం.

అయితే 2019లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థలో కెవిన్ హాల్ చేసిన ప్రయోగం అలాంటిది కాదు. 20 మందిని నాలుగు వారాలు అక్కడే ఉంచి, రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి, రెండు వారాలు మామూలు తిండి పెట్టారు. వడ్డించిన దాంట్లో క్యాలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానంగా ఉండేట్టు చూశారు. ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్యాకెట్ తిండి పెట్టిన రోజుల్లో వాళ్లు రోజుకి దాదాపు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, సుమారు 0.9 కిలో పెరిగారు. మామూలు తిండిలో అంతే తగ్గారు. 20 మందే కదా అంటావు, ఒప్పుకుంటాను. కానీ నన్ను ఆపేసింది ఇంకో మాట: ప్యాకెట్ తిండిని వాళ్లు గబగబా తిన్నారట.

నువ్వు గుర్తొచ్చావు. ముద్దపప్పన్నంలో నెయ్యి వేస్తే వేళ్లతో కలుపుకుంటూ, అప్పడం విరుచుకుంటూ అరగంట కూర్చుంటావు. పొద్దున ఆ కప్పులో కెటిల్ నీళ్లు పోసి, లాప్‌టాప్ మీంచి చూపు తిప్పకుండా అయిదు నిమిషాల్లో ఊడ్చేశావు. ఒక కప్పు నేను సంచిలో వేసుకొచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని చదివాను: మైదా, పామాయిల్, మాల్టోడెక్స్ట్రిన్, రుచి పెంచడానికి కలిపేవాటి నంబర్లు 627, 631... నా వంటింట్లో ఈ నంబర్ల డబ్బా ఏదీ లేదు.

మన దగ్గరే ఉన్న జాతీయ పోషకాహార సంస్థవాళ్లు 2024 మేలో 17 సూచనలు విడుదల చేశారు. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్నవీ, అల్ట్రా ప్రాసెస్డ్‌వీ బాగా తగ్గించమన్నారు. ఉప్పు మాట నాకూ తగిలింది. ఆవకాయ ఇంట్లో పెట్టినంత మాత్రాన రెండు పూటలా నంజుకోవడం మంచిది కాదు. ఇవాళ రాత్రి నుంచి ఒక్క పూటే.

ఆ కప్పులు పారేయొద్దు, డబ్బు పెట్టి కొన్నావు. బుధవారం మీ నాన్న అటువైపు వస్తున్నారు. అటుకులు, పల్లీపొడి, వేయించిన చల్లమిరపకాయలు పంపుతున్నాను. పని ముగిసి పదకొండింటికి ఆకలేస్తే అటుకులు తడిపి, నీళ్లు పిండేసి, పెరుగు కలుపుకో. లాప్‌టాప్ మూసి కూర్చో. పల్లీపొడి డబ్బా మూత బిగుతుగా ఉంటుంది, చెంచా తోకతో ఎత్తు.

అమ్మ