వేరుశనగపై నింద, వయ్యారిభామకు మినహాయింపు

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ జిల్లా పేజీలో గర్భిణులకు అలర్జీ జాగ్రత్తలంటూ వచ్చిన వార్త చదివి ఊరుకుందామనే అనుకున్నాను. దాన్ని ఫోన్లలో పంపుకుంటున్నవాళ్లు రోజురోజుకూ ఎక్కువవుతుంటే ఇక రాయక తప్పలేదు. కడుపుతో ఉన్నప్పుడు రోగనిరోధక శక్తి పడిపోతుందని, కనుక వేరుశనగ, గుడ్డు మానాలని, ఇన్‌హేలర్ ముట్టకూడదని ఒక్క వైద్యుడి పేరైనా లేకుండా ఎలా అచ్చు వేశారు?

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో వేరుశనగ మానమనడమంటే సంకట్లోకి నంజుకునే వేరుశనగ పచ్చడి, ఊరిబిండి మానమనడమే. అలర్జీ, ఉబ్బసం ఉన్న కుటుంబాల్లోని గర్భిణులు వేరుశనగకు దూరంగా ఉంటే మంచిదని 1998లో బ్రిటన్ ప్రభుత్వం చెప్పిన మాట నిజమే. దానివల్ల పిల్లలకు మేలు జరుగుతుందనడానికి తగిన ఆధారం దొరకక 2009లో ఆ ప్రభుత్వమే ఆ సలహాను వెనక్కి తీసుకుంది. అలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న పసిపిల్లలకు ఏడాది నిండకముందే వేరుశనగ తినిపించడం మొదలుపెడితే ఆ అలర్జీ వచ్చే ముప్పు బాగా తగ్గుతుందని 2015లో లండన్ పరిశోధకులు తేల్చారు కూడా. తల్లికే వేరుశనగ పడకపోతే మానాల్సిందే, అందులో వాదన లేదు. పడేవాళ్లను సైతం భయపెట్టి, అంగన్‌వాడీ గుడ్డు కూడా వద్దనిపించడం రక్తహీనతతో ఉన్న ఆడపిల్లల నోటికాడి కూడు తీయడమే.

రోగనిరోధక శక్తి పడిపోతుందన్నదీ సగం మాటే. ఫ్లూ వంటి జబ్బులు ఆ సమయంలో ముదిరే అవకాశం ఉన్నా, సగం తండ్రి అంశ ఉన్న బిడ్డను పరాయిదని తిప్పికొట్టకుండా శరీరం తన రక్షణ తీరును మార్చుకుంటుందే గాని కాపలా వదిలేయదు. తల్లి రక్తంలోని ఐజీజీ రకం ప్రతిరక్షకాలు (రోగాలతో పోరాడే ప్రోటీన్లు) మాయ (ప్లసెంటా) గుండా బిడ్డకు చేరి, పుట్టాక కొన్ని నెలలపాటు కాపాడతాయి. గర్భిణులకు ధనుర్వాతం టీకా వేయడంలో ఆ లెక్కా ఉంది.

ఇన్‌హేలర్ విషయంలో చేసిన చేటు అన్నిటికన్నా పెద్దది. ఉబ్బసమున్న గర్భిణుల్లో ఇంచుమించు మూడో వంతుకు అది నెమ్మదిస్తుందని, మూడో వంతుకు ముదురుతుందని, మిగిలినవారికి మార్పుండదని వైద్యులు చెప్పే లెక్క. అదుపు తప్పిన ఉబ్బసం వల్ల నెలలు నిండని కాన్పు, తక్కువ బరువు బిడ్డ అనే ముప్పు పెరుగుతుంది కనుకనే బ్యూడెసోనైడ్ వంటి పీల్చే మందును మానవద్దంటారు. మా పక్కింటి కోడలు, మీ వార్త చదివిన అత్తగారి మాట కాదనలేక, ఇన్‌హేలర్‌ను బీరువాలో చీరల కింద దాచేసి, రాత్రంతా గోడకు దిండు ఆనించుకుని కూర్చుంటే, ఆ పిల్లికూతల చప్పుడు మా వరండాలోకి వినబడింది. మరునాడు డాక్టరమ్మ అత్తగారికి నాలుగు చీవాట్లు పెడితే గాని ఆ మందు బయటికి రాలేదు.

ఇంత రాసిన మీ విలేకరికి వయ్యారిభామ (పార్థీనియం) అనే కలుపు మొక్క కనబడకపోవడం విడ్డూరం. తుమ్ములకు, ఉబ్బసానికి, చర్మపు దురదకు కారణమయ్యే ఆ కలుపు, వాన పడితే చాలు, మా కాలనీ ఖాళీ స్థలాల్లో నడుమెత్తు లేచి తెల్లగా పూస్తుంది. పూతకు ముందే పీకించమని అర్జీ పెట్టుకుంటే, సంబంధిత సిబ్బంది గింజ రాలిపోయాక తీరిగ్గా వచ్చి, కోసి, అక్కడే తగలబెట్టి పోయారు. ఆ పొగ పీల్చిన గర్భిణికి ఏ పథ్యం చెబుతారో! ఏటా ఆగస్టులో ఈ మొక్కపై అవగాహన వారమని అధికారులు బ్యానరు పట్టుకుని ఫొటోలు దిగుతారు, అవి మీ పత్రికలోనే వస్తాయి.

దయచేసి ఆ వార్త వేసిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాలతో సవరణ వేయండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి కనుక, ఏ మందు ఆపాలో, ఏది కొనసాగించాలో అక్కడి వైద్యులనే అడగమని అందులో చేర్చండి.

— ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు, తిరుపతి