నీటికుక్కల బొరియ దగ్గరికి పడవ పోనివ్వకండి

సంపాదకుల గారికి,

అమెజాన్ అడవుల గురించి పర్యాటక పేజీల్లో వచ్చే కథనాల్లో, అక్కడి పెద్ద నీటికుక్క (జెయింట్ ఆటర్) జాతి జంతువులను పిల్లలతో సహా బొరియ ముందు నుంచే తీసిన ఫొటోలు కనిపిస్తుంటాయి. ఎంత దగ్గరగా తీస్తే అంత గొప్పగా చెప్పుకుంటున్నారు. పడవ అంత దగ్గరికి వెళ్తే తల్లి బెదురుతుంది, పాలు తగ్గుతాయి, పిల్లలను నోట కరుచుకుని ఇంకో బొరియకు మారుస్తుంది. ఆ మార్పుల్లోనే కొన్ని చచ్చిపోతాయి. పెరూలోని మనూ జాతీయ పార్కులో 1990 నుంచి అధ్యయనం చేసిన క్రిస్టోఫ్ షెంక్, ఎల్కె స్టైబ్ తేల్చిన ముఖ్య విషయం ఇది: పర్యాటకుల పడవలు తిరిగే సరస్సుల్లో పిల్లలు తక్కువగా దక్కుతున్నాయి. ఆ పరిశోధన వల్లే అక్కడి సరస్సుల్లో కొంత భాగానికి పడవలు వెళ్లకుండా ఆపారు. ఒటొరోంగో సరస్సు ఒడ్డున మంచె కట్టి, దూరం నుంచి చూడమన్నారు.

చర్మాల కోసం వేటాడి 1970ల నాటికి ఈ జంతువును దాదాపు తుడిచిపెట్టేశారు. ఇప్పుడు ఎన్ని మిగిలాయో తెలియాలంటే లెక్కపెట్టాలి, ఆ లెక్క వాటికి హాని చేయకూడదు. కష్టమంతా అక్కడే ఉంది.

నది దారి మార్చుకున్నప్పుడు తెగి మిగిలిన వంపు సరస్సుల్లో ఇవి కుటుంబాలుగా బతుకుతాయి. లెక్కకు వానలు తగ్గి నీళ్లు దిగిన నెలలే తగినవి. వరద కాలంలో చేపల వెంట మునిగిన అడవిలోకి చెదిరిపోతాయి కాబట్టి అప్పుడు సరస్సులో కనిపించకపోయినా లేవని రాయకూడదు. ఎండాకాలంలోనైనా పిల్లలు బొరియ వదిలి పెద్దవాటితో ఈదడం మొదలయ్యాక వెళ్తేనే కుటుంబం మొత్తం లెక్కకు వస్తుంది. ఇంజన్ పడవ పనికిరాదు. ఇద్దరు ముగ్గురు పట్టే తెడ్డు పడవలో తెల్లవారగానే బయల్దేరి, ఎండ వీపున పడేలా ఒడ్డు వెంట నెమ్మదిగా సాగాలి.

ప్రతి నీటికుక్కకూ గొంతు కింద లేతపసుపు మచ్చ ఉంటుంది. పుట్టుకతో వచ్చిన ఆ ఆకారం చనిపోయేదాకా మారదు, ఏ రెండింటికీ ఒకేలా ఉండదు. కొత్తది కనబడగానే మెడ నిలువుగా పైకెత్తి, ముక్కుతో బుస్సుమంటూ చూడటం వీటి అలవాటు. ఆ కొద్ది క్షణాల్లో తెడ్డు ఆపేసి వీడియో తీయాలి. సాయంత్రం దాన్ని ఆపి ఆపి చూస్తూ, ఒక్కోదాని గొంతు మచ్చను కార్డు మీద గీసి గుర్తు ఇవ్వాలి. నీళ్లలో తలలు లెక్కపెడితే తప్పు తప్పదు: ఒకటి మునిగి ఇంకో చోట లేస్తుంది, ఒకే కుటుంబం ఉదయం ఒక ఒడ్డున, మధ్యాహ్నం ఎదుటి ఒడ్డున కనిపిస్తుంది. మచ్చలు సరిపోలిస్తేనే అవి పది నీటికుక్కలో, ఐదింటినే రెండుసార్లు చూశామో తేలుతుంది. ఆ జంతువులు చప్పుడు పెంచి పడవ వైపే వస్తుంటే ధైర్యం అనుకోకూడదు, బెదిరాయని అర్థం. వెంటనే వెనక్కి తిప్పాలి. ఇంకో ఫొటో కోసం ఆగేవాళ్లు పరిశోధనకు వెళ్లకపోవడమే మంచిది.

ఒడ్డున గడ్డి, ఆకులు తొక్కి చదును చేసిన చోటు, అందరూ ఒకేచోట వేసిన మలం కుటుంబం తిరుగుతున్న గుర్తులు. మలం తడిగా, పొలుసులు మెరుస్తూ ఉంటే తాజాది, మీద ఎండుటాకులు పడి ఉంటే పాతది. అదే అడవిలో ఉండే చిన్న జాతి నీటికుక్క దుంగల మీదా రాళ్ల మీదా కొద్దికొద్దిగా వేస్తుంది, రెంటినీ కలిపేయకూడదు. మలంలోని పొలుసులు చూసి తిండి లెక్క కట్టేవాళ్లు ఎముకలూ ముళ్లూ ఏరాలి, లేకపోతే పొలుసుల్లేని వాలుగ రకాలు లెక్కలోకే రావు. పెద్ద నీటికుక్క రోజుకు సుమారు 3 నుంచి 4 కిలోల చేప తింటుంది. మనూ ఉన్న మాద్రె దె దియోస్ ప్రాంతంలో బంగారం తవ్వేవాళ్లు వాడే పాదరసం చేపల ద్వారా దాని ఒంట్లోకి చేరుతుంది. అందుకే చేప మాంసం నమూనాల పరీక్ష కూడా ఈ పనిలో భాగం.

ఈ పద్ధతి మన కోరింగ మడ అడవుల్లో ఉన్నదున్నట్లు నడవదు. ఇక్కడి నునుపు బొచ్చు నీటికుక్కలకు అలా విడివిడిగా పోల్చుకునే గొంతు మచ్చల్లేవు. పోటు వచ్చినప్పుడల్లా బురదలో అడుగులూ మలమూ కొట్టుకుపోతాయి. కాబట్టి సముద్రపు నీరు వెనక్కి తగ్గే పాటు సమయం చూసుకుని, పోటు నీరు అందని గట్ల మీద వెతకాలి, ప్రతి నమోదు పక్కనా ఆటుపోట్ల సమయం రాయాలి. జంతువు ముందు నుంచి పోతే దానంతట అదే ఫొటో తీసే కెమెరా ట్రాప్ మీదే ఆధారపడకూడదు. అది ఒంటి వేడిని బట్టి పనిచేస్తుంది. అప్పుడే నీళ్లలోంచి వచ్చిన తడి బొచ్చు చుట్టూ గాలి అంత చల్లగానే ఉండి, జంతువు ముందు నుంచే పోయినా ఫొటో పడకపోవచ్చు. దాన్ని వరుసగా వీడియో తీసే పద్ధతిలో పెట్టడం మేలు. ఎన్ని ఉన్నాయో తేల్చాలంటే తెల్లవారుజామున తాజా మలం బఠాణీ గింజంత తీసి, దానికి కొన్ని రెట్లు 95 శాతం ఆల్కహాల్ ఉన్న గొట్టంలో వేసి డీఎన్ఏ పరీక్షకు పంపాలి. మన ఎండకు మధ్యాహ్నం దాకా పడి ఉన్న నమూనాలో డీఎన్ఏ చాలావరకు పాడైపోతుంది.

పరిశోధకులు ఎంత చేసినా, రోజూ ఆ పాయల్లో తిరిగే మత్స్యకారులకు, చెరువుల కాపలాదారులకు తెలిసినంత ఎవరికీ తెలియదు. వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చిన వాటిని ముందు చూసేదీ వాళ్లే. వాళ్లు చెప్పే తేదీ, చోటు, వల రకం రాసుకునేందుకు అటవీ శాఖ ప్రతి తీర గ్రామంలో ఒక పుస్తకం పెట్టాలి. చచ్చిన జంతువు కనబడిందని చెప్పినవారి మీద కేసు పెట్టబోమన్న హామీ కూడా ఇవ్వాలి, లేకపోతే ఎవరూ చెప్పరు. మీ పత్రికకు మా విన్నపం ఒక్కటే: నీటికుక్కల ఫొటోలు వేసినా, బొరియ ఎక్కడుందో తెలిసే గుర్తులు, పాయ పేరు అచ్చు వేయకండి.

— ఇద్దరు వన్యప్రాణి క్షేత్ర పరిశోధకులు, కాకినాడ