రాతి మేడకు సిమెంటు పూత వద్దు

సంపాదకుల వారికి,

పర్లాకిమిడి 1936లో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాకు వచ్చింది. అంతకు ముందే కట్టిన ఇక్కడి రాతి మేడకు మరమ్మతు పేరిట సిమెంటు మెత్తుతున్నారు. గోడ పీల్చిన తేమ డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) గుండా ఆరిపోతుంది. సిమెంటు దాన్ని లోపలే బిగబడుతుంది; ఉప్పు పేరుకుని రాతి ముఖం పెచ్చులుగా ఊడుతుంది. చివరికి రాయి నాసిరకమని నింద!

రాళ్ల మధ్య అతుకులను అంగుళం లోతున చేతి ఉలితోనే గీకి, కడిగి, తడి ఆరకముందే ఒక పాలు నానిన సున్నానికి ఇసుక, ఇటుక పొడి రెండూ కలిసి మూడు పాళ్లు చేర్చి నింపాలి. వారం పాటు తడి గోనెలు కప్పాలి. ఎండకు వదిలేస్తే బీటలే. గోడలో మొలిచిన రావి మొక్కను పీకితే రాళ్లు కదులుతాయి. మొదలు నరికి, ఆ కోతకే కలుపు మందు పూయాలి. చూరు గొట్టాల్లో ఆకులు వానలకు ముందే తీయించాలి.

– పాత కట్టడాల మేస్త్రీలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా