శీనుకి ఉత్తరం: గేలం, గుడారం, లేబుల్ మీది అంకెలు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. చేపలు పట్టడానికీ, రాత్రుళ్లు అడవిలో గుడారం వేసుకుని ఉండటానికీ ఏ సామాను కొనాలో తేలడం లేదన్నావు. చదివిన ప్రతి సమీక్షా పొగడ్తేనట. ఉండదా మరి! చాలామంది డబ్బా విప్పిన రోజే తీర్పు చెప్పేస్తారు. ఎండపూట పెరట్లో నిలబెట్టిన టెంట్ ఎవరికైనా నచ్చుతుంది.

నా పద్ధతి వేరు. లేబుల్ మీద అంకెను ఎలా కొలిచారో ముందు తెలుసుకుంటాను. ఆ పరిస్థితులు లేనిచోట వస్తువు ఏం చేస్తుందో తర్వాత చూస్తాను. నిజం అక్కడే బయటపడుతుంది.

స్లీపింగ్ బ్యాగ్ సంగతే తీసుకో. ఐఎస్ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్షించిన బ్యాగ్ మీద కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని ఉష్ణోగ్రతలు ఉంటాయి. వాటిని వేడెక్కించిన బొమ్మను బ్యాగ్‌లో పడుకోబెట్టి ల్యాబ్‌లో కొలుస్తారు. ఎక్స్‌ట్రీమ్ అంటే ఆ చలిలో ప్రాణం నిలుస్తుందేమో గానీ నిద్ర పట్టదు, ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడిపోవచ్చు కూడా. నువ్వు మాత్రం కంఫర్ట్ అంకె చూసే కొను. పైగా చలి కింద నేల నుంచీ వస్తుంది. మ్యాట్ ఆ చలిని ఎంత ఆపుతుందో ఆర్-వాల్యూ చెబుతుంది. రెండు మ్యాట్‌లు ఒకదానిమీద ఒకటి వేస్తే ఆ విలువలు కలుస్తాయి. ఏ మ్యాట్ వేశారో, ఒంటిమీద ఏం బట్టలున్నాయో చెప్పకుండా "ఈ బ్యాగ్‌లో వణికిపోయాను" అని రాస్తే నాకు కోపమొస్తుంది. ఆ మాట చదివినవాడు ఏం తెలుసుకోవాలి?

టెంట్ మీద 3000 మిల్లీమీటర్లు అని ఉంటే, అంత ఎత్తు నీటి ఒత్తిడిని గుడ్డ ఆపుతుందని అర్థం. అది గుడ్డ సంగతే. కుట్లు, జిప్పు ఎలా ఉన్నాయో ఆ అంకె చెప్పదు. పొద్దున్నే లోపల తడి కనిపిస్తే కారిందని వెంటనే తేల్చేయకు. పైగుడ్డ లోపలివైపంతా సన్నని చెమ్మ పట్టిందంటే చాలావరకు అది మన ఊపిరిలోని ఆవిరే. కుట్టు దగ్గర మాత్రమే చుక్క కడుతుంటే అప్పుడు కారుతున్నట్టు. ఇంకోటి, నైలాన్ గుడ్డ తడిస్తే సాగుతుంది. వానలో అర్ధరాత్రి లేచి తాళ్లు మళ్లీ బిగించాల్సి వస్తే సమీక్షలో ఆ సంగతీ రాయాల్సిందే.

గేలం దగ్గరికొస్తే నాకు ముడి మీదే ప్రాణం. నైలాన్ దారం నీళ్లు పీల్చుకుని కాస్త బలహీనపడుతుంది. అందుకే చేపల వేట రికార్డులు చూసే అంతర్జాతీయ సంస్థ ఐజీఎఫ్ఏ కూడా దారాన్ని తడిపే పరీక్షిస్తుంది. మనమూ నానబెట్టి, గేలానికి ముడివేసి, స్ప్రింగ్ త్రాసుతో తెగేదాకా లాగాలి. కళ్లద్దాలు, చేతి తొడుగులు మర్చిపోకు, తెగిన దారం ఎగిరి కొడుతుంది. ఎన్ని కిలోలకు తెగిందన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ తెగిందన్నదీ అంతే ముఖ్యం. ప్రతిసారీ ముడి దగ్గరే తెగుతుంటే దారాన్ని తిట్టి లాభం లేదు. బిగించే ముందు ముడిని తడుపు, రాపిడి వేడికి దారం దెబ్బతినకుండా ఉంటుంది. నైలాన్‌కి బాగా పట్టే ముడి నున్నటి బ్రెయిడ్ (పోగులు అల్లి చేసిన దారం) మీద జారిపోవచ్చు, దాన్ని విడిగా పరీక్షించు.

రీల్‌లో ఎన్ని బేరింగ్‌లున్నాయో నేను లెక్కపెట్టను. డ్రాగ్ చూస్తాను, అంటే చేప గట్టిగా లాగినప్పుడు దారాన్ని కొద్దికొద్దిగా వదిలే బిగింపు. దారం బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య బిగించి, త్రాసుతో మెల్లగా లాగు. మొదట పట్టేసి, తర్వాత ఒక్కసారిగా వదిలిందంటే పెద్ద చేప మొదటి పరుగుకే దారం తెగుతుంది. ఇసుక, తడి తగిలాక మళ్లీ లాగి చూడు. నాకెంతో ఇష్టమైన రీల్ ఈ రెండో పరీక్షలోనే తేలిపోయింది. ఎవరడిగినా ముందు ఆ లోపమే చెబుతున్నాను.

హెడ్‌ల్యాంప్ మీద ఎఫ్ఎల్ 1 ప్రమాణం ప్రకారం గంటలు వేశారనుకో, వెలుగు మొదట్లో ఉన్నదాంట్లో పది శాతానికి పడిపోయేదాకా లెక్క. గుడ్డిదీపంలా మిగిలిన సమయం కూడా అందులో కలిసే ఉంటుంది. ఫుల్ ఛార్జ్ చేసి వెలిగించి, గంట గంటకీ ఎంత దూరం కనిపిస్తోందో రాసుకో. స్టవ్‌ని గాలిలో, చలిలో పరీక్షించు. స్టవ్ డబ్బాలో ఉత్త బ్యూటేన్ గ్యాసే ఉంటే, అది సున్నా డిగ్రీల దగ్గర సరిగ్గా ఆవిరవదు, మంట నీరసిస్తుంది. ఎంత చలిగా ఉన్నా టెంట్ లోపల మాత్రం స్టవ్ వెలిగించకు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదురా.

ఎవరైనా సామాను ఉచితంగా పంపితే, ఆ మాట మొదటి వాక్యంలోనే చెప్పాలి. అలా చెప్పనివాళ్ల సమీక్షలు నేను చదవడం మానేశాను.

ముందు నీ దగ్గరున్న పాత దారంతో ముడి పరీక్ష చేసి, ఏ ముడి ఎన్ని కిలోలకు తెగిందో రాసి పంపు. నీ స్లీపింగ్ బ్యాగ్ లేబుల్ ఫోటో కూడా. అవి చూశాకే మ్యాట్ సంగతి తేలుద్దాం.

నీ,
రాజు