చ్వాన్‌జౌ గురించి కూడా ఒక పేజీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం మీ యాత్రా పేజీలో చైనా నగరాల మీద వచ్చిన కథనం చదివాను. బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, షెన్‌జెన్ గురించి బాగానే రాశారు. కానీ తెలుగువాళ్లు చైనాలో ఒక్క ఊరే చూడగలిగితే ఏ ఊరు చూడాలో, దాని పేరు మాత్రం ఎక్కడా లేదు. చ్వాన్‌జౌ. గ్వాంగ్‌జౌ కాదండి, అది వేరు, ఇది వేరు. ఇది ఫూజియన్ రాష్ట్రంలో, తైవాన్‌కి ఎదురుగా ఉన్న తీరంలో ఉంది, 2020 లెక్కల ప్రకారం జనాభా దాదాపు 88 లక్షలు. నేను ఒంగోలులో ఉంటూ గ్రానైట్ ఎగుమతుల పని చేస్తాను, ఆ పని మీద అక్కడికి వెళ్లొస్తుంటాను. ఈ ఊరి సంగతి మనవాళ్లకి తెలియకపోవడం చూస్తే బాధగా ఉంటుంది, అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

ముందు చరిత్ర. 1087లో సోంగ్ రాజులు ఇక్కడ సముద్ర వ్యాపారానికి ప్రత్యేకంగా ఒక సుంకాల కార్యాలయం పెట్టారు. ఇక అక్కడి నుంచి దాదాపు మూడు వందల ఏళ్లు ప్రపంచంలోని పెద్ద రేవుల్లో ఇదొకటి. అరబ్బులు జైతూన్ అనేవాళ్లు. మార్కో పోలో అయితే అలెగ్జాండ్రియాకి ఒక ఓడ మిరియాలు వెళితే ఇక్కడికి వంద ఓడలు వస్తాయని రాశాడు. ఆయన మాటలు కొంచెం పెద్దవిగానే ఉంటాయి, అయినా 1974లో రేవు బురదలో బయటపడ్డ సోంగ్ కాలపు ఓడని చూస్తే నమ్మాలనిపిస్తుంది. 24 మీటర్ల పొడవు, లోపల 13 గదులు, వాటిలో సుగంధపు చెక్కలు, మిరియాలు, గవ్వలు. ఒక గదిలోకి నీళ్లొచ్చినా మిగతావి మునగకుండా అడ్డుగోడలు కట్టిన తీరు చూడాల్సిందే.

మార్కో పోలో 1291 ప్రాంతంలో చైనా వదిలి బయల్దేరింది ఈ రేవు నుంచే. తిరుగు దారిలోని దేశాల గురించి రాస్తూ మోటుపల్లి పేరుతో ఒక రాజ్యాన్ని చెప్పాడు. అక్కడ ఒక రాణి న్యాయంగా పాలిస్తోందని, వజ్రాలు దొరుకుతాయని, బట్ట చాలా సన్నగా నేస్తారని. ఆ రాణి మన రుద్రమదేవే అంటారు చరిత్రకారులు. ఆమె తండ్రి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం ఇప్పటికీ ఉంది. తుపానుకి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు పాత రాజులు లాక్కునేవాళ్లు, నేను అలా చెయ్యను, సుంకం మాత్రమే తీసుకుంటాను అని వ్యాపారులకి మాట ఇచ్చాడు. అందులో సుంకాల పట్టీలో కర్పూరం, పట్టు, ముత్యాలు, పగడాలు, మిరియాలు ఉన్నాయి. రెండు ఊళ్లూ ఒకే సముద్ర వ్యాపారంలో భాగం. మీ కథనంలో చైనాకీ మనకీ సంబంధం అంటే బౌద్ధం ఒక్కటే చెప్పారు, ఈ వ్యాపారం సంగతి కూడా చెప్పి ఉండాల్సింది.

ఇక అసలు చూడాల్సింది కాయ్‌యువాన్ గుడి. 686లో కట్టిన బౌద్ధాలయం, ముందు రెండు పెద్ద రాతి గోపురాలు, ఎత్తైనది 48 మీటర్లు, 13వ శతాబ్దంలో కట్టారు. అందరూ వాటి దగ్గర ఫోటోలు దిగి వెళ్లిపోతారు. మీరు మాత్రం ప్రధాన మందిరం వెనక్కి వెళ్లండి. అక్కడ రెండు రాతి స్తంభాల మీద నరసింహుడు హిరణ్యకశిపుణ్ణి చీలుస్తూ ఉంటాడు, చిన్ని కృష్ణుడు ఉంటాడు, గజేంద్ర మోక్షం ఉంటుంది. చైనాలో ఒక బుద్ధుడి గుడి వెనక గజేంద్ర మోక్షం! ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు మనకి. కింద అరుగు చుట్టూ సింహాల వరస కూడా మన దక్షిణాది పనే.

ఇవి ఎలా వచ్చాయంటే, ఇక్కడ తమిళ వ్యాపారులు స్థిరపడి శివాలయం కట్టుకున్నారు. 1281 నాటి తమిళ శాసనం ఒకటి ఈ ఊళ్లోనే 1956లో దొరికింది, ఇప్పుడు దగ్గర్లోని షియామెన్ విశ్వవిద్యాలయంలో ఉంది. సంబంధ పెరుమాళ్ అనే ఆయన చైనా చక్రవర్తి క్షేమం కోసం శివుణ్ణి ప్రతిష్ఠించినట్టు అందులో ఉంది. ఆ చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్. తర్వాత ఆ గుడి పడిపోయింది, దాని రాళ్లు ఊరంతా చెదిరిపోయాయి, మింగ్ కాలంలో కాయ్‌యువాన్‌ని బాగు చేసేటప్పుడు కొన్ని తెచ్చి అక్కడ పెట్టారు. మిగిలినవి సముద్రయాన మ్యూజియంలో చూడొచ్చు. ఏనుగు శివలింగాన్ని పూజిస్తున్న శిల్పం అక్కడే ఉంది. తమిళులు తిరువానైక్కావల్ కథ అంటారు, మనవాళ్లకి మాత్రం శ్రీకాళహస్తే గుర్తొస్తుంది.

ఊరు ఒక్క మతానిది కాదు. 1009 నాటి రాతి మసీదు ఉంది, దాని పక్కనే గ్వాన్ యూ అనే వీరుడి గుడి, నాలుగడుగులు వేస్తే కన్ఫ్యూషియస్ ఆలయం. ఊరి బయట చావ్‌ఆన్ అనే చిన్న గుడిలో, పర్షియాలో పుట్టిన మానిమతాన్ని స్థాపించిన మాని ప్రవక్త రాతి విగ్రహం ఉంది, 1339లో చెక్కింది. ఆ మతమే ఇప్పుడు లోకంలో లేదు, విగ్రహానికి మాత్రం ఊరివాళ్లు ఇంకా అగరొత్తులు వెలిగిస్తున్నారు. లోయాంగ్ వంతెన 1059లో పూర్తయింది, పునాది రాళ్లు కదలకుండా ఉండటానికి వాటి మీద ఆల్చిప్పలు పెంచారు, అవే రాళ్లని అంటిపెట్టేశాయి. సిమెంటు లేని రోజుల్లో ఆ ఆలోచన వచ్చినవాళ్లకి దండం పెట్టాలి.

2021 జులై 25న యునెస్కో ఈ ఊళ్లోని 22 చోట్లని కలిపి ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అదే రోజు, అదే సమావేశంలో మన రామప్పకి కూడా గుర్తింపు వచ్చింది. ఆ సమావేశం ఫూజియన్ రాజధాని ఫూజౌ నుంచే జరిగింది. రామప్ప కట్టింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు, 1213లో. మన పత్రికలన్నీ రామప్ప గురించి మొదటి పేజీలో రాశాయి, న్యాయమే, కానీ ఆ రోజు పక్కన ఎవరున్నారో కూడా ఒక్క ముక్క రాసి ఉంటే బాగుండేది.

తర్వాత రేవు చచ్చిపోయింది. మంగోలుల యువాన్ వంశ పాలన చివర్లో 1357 నుంచి దాదాపు పదేళ్లు తిరుగుబాటు, కొట్లాటలు, విదేశీ వ్యాపారులు చెల్లాచెదురయ్యారు. మింగ్ రాజులు సముద్ర వ్యాపారం మీద ఆంక్షలు పెట్టారు, నదిలో ఇసుక మేట వేసింది. జనం పొట్ట చేత పట్టుకుని తైవాన్‌కీ ఆగ్నేయాసియాకీ వెళ్లిపోయారు.

వెళ్లినవాళ్లే మళ్లీ ఊరిని లేపారు. 1978 తర్వాత ప్రభుత్వం తలుపులు తెరిచాక బయట ఉన్న బంధువుల డబ్బు, ఆర్డర్లు వచ్చాయి, ఇళ్లలోనే కుట్టుమిషన్లు పెట్టి బూట్లు కుట్టారు. మొదట పరాయి బ్రాండ్లకి, తర్వాత సొంత పేరుతో. చ్వాన్‌జౌ కింద ఉన్న జిన్‌జియాంగ్ నుంచే ఆంటా అనే బూట్ల కంపెనీ వచ్చింది, 1991లో మొదలై, 2019లో విల్సన్, సాలమన్ బ్రాండ్లున్న ఫిన్లండ్ కంపెనీని కొన్న బృందానికి నాయకత్వం వహించింది. 2020లో ఈ నగర ఉత్పత్తి లక్ష కోట్ల యువాన్లు దాటింది. ఇందులో ఎక్కువ భాగం ప్రైవేటు కంపెనీలదే, ప్రభుత్వ ఫ్యాక్టరీలది కాదు. ద్‌హువాలో తెల్ల పింగాణీ, ఆన్‌షీలో తియెగ్వాన్‌యిన్ టీ కూడా ఈ నగరం కిందివే.

నాకు సంబంధించింది రాయి. చ్వాన్‌జౌ కిందే షుయిటౌ అనే పట్టణం ఉంది, ప్రపంచం నలుమూలల రాయి అక్కడికి వస్తుంది. మన చీమకుర్తి గ్యాలక్సీ నల్ల గ్రానైట్ బ్లాకులు షియామెన్ రేవులో దిగి అక్కడికే వెళతాయి. అక్కడ కోసి, పాలిష్ పట్టి, స్లాబులు చేసి అమ్ముకుంటారు. రాయి మనది, పని వాళ్లది, లాభం ఎక్కువ ఎవరిదో చెప్పక్కర్లేదు. పక్కనే హుయ్‌ఆన్‌లో శిల్పులు తరతరాలుగా రాయి చెక్కుతున్నారు. మన దగ్గరా శిల్పులున్నారు, క్వారీలున్నాయి, రేవులున్నాయి. చ్వాన్‌జౌ గురించి పర్యాటకుల కోసమే కాదు, మన జిల్లా పారిశ్రామికవేత్తలూ అధికారులూ చదివేలా రాయండి. మోటుపల్లికి కూడా ఒక విలేకరిని పంపి ఆ రెండు ఊళ్లనీ ఒకే పేజీలో వేయండి. మోటుపల్లి దగ్గరి చినగంజాం దాకా వెళ్లి శాసనం చూడకుండా వచ్చేవాళ్లే ఎక్కువ.

వెళ్లాలనుకునే పాఠకుల కోసం నాలుగు మాటలు. 2025 అక్టోబరులో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకి నేరుగా విమానాలు మళ్లీ మొదలయ్యాయి, అక్కడి నుంచి రైలు. షియామెన్ నుంచైతే స్పీడ్ రైల్లో అరగంటకి కాస్త అటూ ఇటూ. కాయ్‌యువాన్ పక్కన పాత వీధిలోనే బస చేస్తే చాలావరకు నడిచి చూడొచ్చు. ఆల్చిప్పల అట్టు ఆ ఊరి స్పెషల్, శాకాహారులు గుళ్ల దగ్గరి హోటళ్లు వెతుక్కోవాలి. ఆడవాళ్లుంటే షున్‌పూ పల్లెకి తప్పక తీసుకెళ్లండి. అక్కడి బెస్త ఆడవాళ్లు కొప్పు చుట్టూ పూలదండలు వరసలుగా చుట్టుకుంటారు, అడిగితే మనకీ పెడతారు, డబ్బు తీసుకుంటారు. ఆగస్టు, సెప్టెంబరులో టైఫూన్ల టెన్షన్ ఉంటుంది. నవంబరు, డిసెంబరు మంచివి. అక్టోబరు మొదటి వారం వాళ్ల జాతీయ సెలవులు, ఆ వారం మాత్రం వద్దు, రైల్లో సీటే దొరకదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఒంగోలు