సలేశ్వరం తొవ్వకు తిరుగు గుర్తులు కావాలి

సంపాదకులకు నమస్కారం.

చైత్ర పౌర్ణమి జాతరకు నల్లమల అడవిలో లోతైన లొద్దిలో (లోయలో) ఉన్న సలేశ్వరం శివుడి గుడికి వేలాది మంది నడుస్తారు. ఆ లొద్ది అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల ఉంది కాబట్టి జాతర రోజులు దాటితే ఎవరినీ వదలరు. అందుకే ఏటా వచ్చేవాళ్లలో చాలామందికి తొవ్వ కొత్తే. పోయేటప్పుడు జనం వెంట జనం పోతారు, తప్పేది తక్కువ. తిప్పలన్నీ తిరిగి వచ్చేటప్పుడే. అటవీశాఖ గుర్తులు పెట్టించే ముందు ఈ సంగతి చూడాలి.

లొద్దికి రెండు దిక్కుల నుంచి జనం వస్తారు. మన్ననూరు దాటి ఫరహాబాద్ దగ్గర అడవిలోకి మళ్లి రాంపూర్ పెంట (చెంచుల గూడెం) మీదుగా వచ్చేవాళ్లు కొందరు, లింగాల వైపు నుంచి వచ్చేవాళ్లు కొందరు. దర్శనమయ్యాక గట్టు ఎక్కుతూ బాట రెండుగా చీలే చోట పొరబడితే బండి ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు. అప్పటికి సీసాలో నీళ్లు అయిపోయి ఉంటాయి, పొద్దు వాలుతుంటుంది. కాబట్టి బోర్డు మీద ‘సలేశ్వరం’ అని బాణం వేసి ఊరుకుంటే చాలదు. తిరిగి వచ్చేవాళ్లకు ఎదురుగా ‘రాంపూర్ పెంట వైపు’, ‘లింగాల వైపు’ అని దూరంతో సహా రాయాలి. చీలిక దగ్గర ఒక గుర్తు, ఆ బాటలోనే 50 అడుగులు పోయాక ఇంకొకటి ఉండాలి. రెండోది కనబడలేదంటే తప్పు తొవ్వ పట్టామని అక్కడికక్కడే తెలిసి వెనక్కి మళ్లొచ్చు.

చెట్టుకు గుడ్డపీలిక కడితే మొక్కుకు కట్టిన గుడ్డల్లో కలిసిపోతుంది. చెట్టు మీద రంగు పూస్తే అటవీశాఖ లెక్కల కోసం వేసిన గీతలు, నంబర్లతో తికమక. బండ మీది దుమ్ము, నాచు గీకి, ఆరిన రాయి మీద అరచేయంత తెల్ల బాణం వేయడమే మేలు. తడి రాయి మీద వేసిన రంగు పెచ్చులూడుతుంది. వాడకం పోయిన బాటల మీది పాత బాణాలను చెరిపేయాలి, అవి ఏ గుర్తూ లేకపోవడం కన్నా ఎక్కువ చేటు చేస్తాయి.

ఎండాకాలం ఆకు రాలి అసలు బాట కప్పబడిపోతుంది. మంటలు పాకకుండా తీసిన ఫైర్ లైన్ మాత్రం వెడల్పుగా, శుభ్రంగా, అదే దారన్నట్టు కనిపిస్తుంది. బాట దాన్ని దాటే చోట రెండు పక్కలా రాళ్లు అడ్డం పేర్చాలి. పశువుల బాటతోనూ ఇదే చిక్కు. మనుషులు నడిచిన చోట బండల అంచులు అరిగి నున్నగా ఉంటాయి, తల ఎత్తున కొమ్మలు విరిచి ఉంటాయి. పశువుల బాట పాయలుపాయలుగా విడిపోతుంది, కొమ్మలు ఛాతీకి, మొహానికి తగులుతుంటాయి. వాగు దాటాక ఎదురుగానే బాట ఉంటుందని కూడా అనుకోకూడదు, వరద కోసేసిన గట్టు వదిలి కొంచెం ఎగువనో దిగువనో ఎక్కుతుంది. అక్కడ అవతలి ఒడ్డునే గుర్తు ఉండాలి.

ఇక ఫోన్ మ్యాప్. గుడి పేరు కొడితే మ్యాప్ దానికి తెలిసిన దగ్గరి రోడ్డు దాకా తీసుకుపోతుంది, అది తాళం వేసిన అటవీ గేటైనా సరే. గుడికి కాదు, నడక మొదలయ్యే చోటుకు అక్షాంశ రేఖాంశాలను శాఖే ముందుగా ప్రకటించాలి. ఏ పద్ధతిలో రాశారో కూడా చెప్పాలి. 16.30 డిగ్రీలంటే 16 డిగ్రీల 18 నిమిషాలు. దాన్ని 16 డిగ్రీల 30 నిమిషాలని చదివితే తేడా 20 కిలోమీటర్ల పైమాటే. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాప్‌ను మాత్రం ఊళ్లోనే దించుకోవాలి. లొద్ది లోపల రెండు వైపులా నిలువు గట్లు కాబట్టి మ్యాప్‌లో మనమున్న చోటు చూపే చుక్క పక్కకు జరుగుతుంది. అక్కడ ఫోన్‌ను కాదు, బండ మీది గుర్తును నమ్మాలి.

ఈ పనిని చెంచు పెంటల వాళ్లకు కూలి ఇచ్చి అప్పగించాలని మనవి. జాతర రోజుల్లో ఒక్కో చీలిక దగ్గర ఇద్దరిని చీకటి పడేదాకా నిలబెట్టాలి. గుర్తులు వేసేటప్పుడు రాంపూర్ పెంట నుంచి లోపలికి కాదు, లొద్ది అడుగు నుంచి బయటికి నడుస్తూ వేయించాలి.

– ఒక పాఠకుడు, అచ్చంపేట